ట్యాంకు నీడ, పడిపోయిన యూనిట్లు

హైదరాబాద్ డాబా మీద 3 కిలోవాట్ల సోలార్, 6 ప్యానెళ్లు ఒకే స్ట్రింగ్, అంటే ఒకదాని వెంట ఒకటి వరుసగా కలిపినవి. యూనిట్లు తగ్గితే మబ్బునే తిట్టుకుంటాం. మబ్బు ప్యానెళ్లన్నిటినీ దాదాపు సమానంగా తగ్గిస్తుంది, దానికి మందు లేదు. నీడ అలా కాదు. ప్యానెల్‌లో సెల్స్ మూడు గుంపులు, గుంపుకో బైపాస్ డయోడ్, అంటే నీడ పడ్డ గుంపును తప్పించి కరెంటును పక్క దారిలో పంపేది. ఒక్క సెల్ బాగా నీడలో పడితే చాలు, పాత రకం ప్యానెల్‌లో మూడో వంతు పోతుంది.

డిసెంబరులో ఇక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. 2 మీటర్ల ఎత్తు నీళ్ల ట్యాంకు నీడ ఉత్తరానికి 1.7 మీటర్లు సాగుతుంది, పొద్దున ఇంకా పొడుగు.

నీడలో ఉన్న రెండు ప్యానెళ్లను ట్యాంకుకు దక్షిణంగా, అదే వాలులో బిగించి, 4 చదరపు మిల్లీమీటర్ల డీసీ కేబుల్ (ప్యానెళ్ల నుంచి వచ్చే తీగ) పొడిగించాక సరిపోయింది. ఈ పనికి ముందు ఏసీ (ఇంటి కరెంటు వైపు), తర్వాత డీసీ (ప్యానెళ్ల వైపు) ఐసోలేటర్, అంటే కరెంటును తెంచే స్విచ్, ఆపాలి. కరెంటు పారుతుండగా కనెక్టర్ లాగితే నిప్పురవ్వలే.