ఫిటెడ్ షీట్ కొనేముందు పరుపు మందం కొలవండి

ఒకప్పుడు దూది పరుపంటే నాలుగైదు అంగుళాలు, దాని మీద దుప్పటి పరిచి అంచులు కిందికి దోపేస్తే పని అయిపోయేది. తర్వాత స్ప్రింగులొచ్చాయి, ఫోమ్ వచ్చింది, 1966లో నాసా కోసం విమానం సీట్లకని తయారుచేసిన మెమరీ ఫోమ్ కూడా చివరికి మన పడగ్గదుల్లోకే చేరింది. ఇప్పుడు 10, 12 అంగుళాల పరుపు మామూలే. మనం మాత్రం ఫిటెడ్ షీట్, అంటే అంచుకు ఎలాస్టిక్ ఉండి పరుపుకు తొడిగే దుప్పటి, కొనేటప్పుడు ఇంకా ప్యాకెట్ మీద పొడవు, వెడల్పు చూసి కొనేస్తాం, లోతు చూడం. నేనూ అంతే, అర్ధరాత్రి ఒక మూల టప్పున ఊడి మొహం మీదికొచ్చేదాకా!

స్కేలు పరుపు పక్కన నిలబెట్టి కింది కుట్టు నుంచి పై కుట్టు దాకా చూడండి, పైన టాపర్ (పరుపు మీద వేసే పల్చటి మెత్త) వేసుకుంటే దాన్నీ కలపండి. వచ్చినదానికి ఇంకో రెండు అంగుళాలు వేసుకుని అంత లోతున్న షీట్ తీసుకోవాలి, ఎందుకంటే ఎలాస్టిక్ అంచు పరుపు కిందికి మడత పడాలి, పైగా నూలు బట్ట మొదటి ఉతుకులోనే కాస్త కుదించుకుపోతుంది.

పాత దుప్పట్లు పెద్దవైతే పారేయకండి. మూలలకు ఒక్కో ముడి వేసి పరుపు కిందికి తోస్తే జారవు.

అన్నట్టు, దూది పరుపులా ఫోమ్‌ని ఎండలో వేయొద్దు. దూది ఎండకు పొంగుతుంది గానీ ఫోమ్ పసుపెక్కి పొడిపొడిగా రాలుతుంది. నీడలో గాలికి పెడితే చాలు.