పది గుంటల్లో పులి: సొంత భూమిలో సంరక్షణ కేంద్రం పెట్టదలచినవారికి

ములుగులోనో మంచిర్యాలలోనో అడవి అంచున ముప్పై, నలభై ఎకరాలు ఉండి, అందులో కొంత మేర ఎత్తయిన కంచె వేసి పులులనో చిరుతలనో సాకితే అటు జీవరక్షణా జరుగుతుంది, ఇటు సందర్శకుల రాబడీ ఉంటుందని తలచేవారు ముందుగా తేల్చుకోవలసింది చట్టం సంగతి. పులి, సింహం, చిరుత మూడూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో గరిష్ఠ రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలుకు చెందినవి కనుక వాటిని కొనడం, అమ్మడం, సొంతానికి పెంచుకోవడం కుదరదు. పత్తి చేనులో తల్లి లేకుండా దొరికిన చిరుత కూనను జాలిపడి ఇంటికి తెచ్చుకున్నా నేరమే అవుతుంది. ఉన్న దారల్లా జంతు ప్రదర్శనశాలగానో రక్షణ కేంద్రంగానో, దేశంలోని జూలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ అయిన సెంట్రల్ జూ అథారిటీ ముందస్తు ఆమోదం, ఆ తరువాత గుర్తింపు పొందడమే. గోడలు కట్టేసి తరువాత అర్జీ పెట్టుకుందామనే ఆలోచన ఇక్కడ పనికిరాదు. జూల మధ్య జంతువుల మార్పిడికి కూడా ఆ సంస్థ అనుమతి ఉండాలి.

ఇంత కట్టుదిట్టం ఎందుకని విసుక్కునేవారు అమెరికా అనుభవాన్ని చూడవచ్చు. అక్కడ చాలా రాష్ట్రాల్లో పెరటి పులులను దశాబ్దాల పాటు చూసీచూడనట్టు వదిలేశారు. 2011 అక్టోబరులో ఒహాయో రాష్ట్రంలోని జేన్స్‌విల్ దగ్గర ఒక యజమాని బోన్లన్నీ తెరిచి తన ప్రాణం తీసుకోగా, ఊరి మీద పడకుండా పోలీసులు 18 పులులు, 17 సింహాలతో సహా దాదాపు 50 జంతువులను కాల్చి చంపవలసి వచ్చింది. వ్యక్తులు పెద్ద పులిజాతి జంతువులను ఉంచుకోవడాన్ని అడ్డుకునే జాతీయ చట్టం అక్కడ 2022 డిసెంబరులో గానీ రాలేదు. చిన్న ప్రైవేటు కేంద్రానికి ఉన్న అసలు బలహీనత కంచెలో కాదు, అదంతా ఒక్క మనిషి ఆరోగ్యం, డబ్బు, మనఃస్థితి మీద నిలబడి ఉండటంలో ఉందని నా అభిప్రాయం.

ఇక లెక్కలు. జూ నిబంధనల ప్రకారం ఒక పులుల జంటకు కనీసం 1,000 చదరపు మీటర్ల ఆరుబయలు ఆవరణ ఉండాలి; మన కొలతలో అది దాదాపు పది గుంటలు. స్థలం సులువే, తిండే కష్టం. పెద్ద పులికి రోజుకు సుమారు 10 కిలోల మాంసం, వారంలో ఒక రోజు పస్తు అనుకుంటే ఏడాదికి మూడు టన్నులు దాటుతుంది. సంరక్షణలో పులి పదిహేను, ఇరవై ఏళ్లు బతకగలదు కనుక, అరవైలో పడినవారు ఈ పని మొదలుపెడితే తమ తరువాత చూసేదెవరో ముందే రాసి పెట్టుకోవాలి. ట్రస్టు పెట్టి, కనీసం రెండేళ్ల ఖర్చుకు సరిపడే డబ్బును ముట్టుకోకుండా బ్యాంకులో ఉంచనిదే మొదటి ఇటుక కూడా వేయవద్దు. టికెట్ల రాబడి వానాకాలంలో ఎటూ పడిపోతుంది.

ప్రమాదాలు ఎక్కువగా జరగగలిగేది జనం చూసే ఆవరణలో కాదు, వెనుక రాత్రి గదుల దగ్గర. ఉదయం శుభ్రం చేసే కీపరు ముందు ఎన్ని పులులు లోపల ఉన్నాయో కళ్లతో చూసి లెక్కపెట్టాలి, ఆ తరువాతే జారుడు తలుపు దించాలి, తాళం వేసి లాగి చూడాలి, అదే తాళాన్ని రెండో మనిషి మళ్లీ లాగి చూసి పుస్తకంలో సంతకం చేయాలి. మనిషి నడిచే వసారాకు ఒకదాని వెనుక ఒకటిగా రెండు తలుపులు ఉండాలి, రెండూ ఒకేసారి తెరుచుకోకూడదు. పాలు పట్టి పెంచిన పులి కదా అని ఈ క్రమాన్ని సడలించే కీపరు ఎంత అనుభవజ్ఞుడైనా ఆ పనిలో ఉండరాదు. సూది మందు ఇవ్వడానికి జంతువును కదలకుండా పట్టి ఉంచే ఇరుకు బోను లేకపోతే చిన్న గాయానికి కూడా మత్తు ఇవ్వవలసి వస్తుంది, మత్తు ప్రతిసారీ ప్రాణాపాయమే.

జబ్బులు తిండితోనూ మనిషితోనూ వస్తాయి. 2024 డిసెంబరులో నాగపూర్‌లోని గోరేవాడ రక్షణ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుత బర్డ్ ఫ్లూతో చనిపోయాయి. 2021లో హైదరాబాద్ నెహ్రూ జూలో ఎనిమిది సింహాలకు కోవిడ్ సోకింది. ఎముక లేని మాంసం మీదే పెరిగిన కూనలకు కాల్షియం చాలక కాళ్లు వంగిపోతాయి. తెల్ల పులులు కావాలని మాత్రం ఎవరూ ముచ్చటపడవద్దు: ఆ రంగు కోసం దగ్గరి రక్తంలోనే జత కట్టించిన ఫలితంగా వాటిలో మెల్లకన్ను వంటి లోపాలు తరచు కనిపిస్తాయి.

లాభం లేదా అంటే ఉంది. సర్కసుల్లో పులులు, సింహాల ప్రదర్శనను 1998లో కేంద్రం నిషేధించాక వాటిని చేర్చుకోవడానికి విశాఖపట్నం, తిరుపతి వంటి చోట్ల రక్షణ కేంద్రాలు వెలిశాయి. వాటిని అడవిలో వదలలేరు, సంతానం పెంచనివ్వరు, చివరిదాకా సాకాలి. అటువంటి ముసలి, గాయపడ్డ జంతువులకు చోటివ్వడం, పశువైద్య విద్యార్థులకు శిక్షణ దొరకడం నిజమైన ప్రయోజనాలు. అడవిలో పులుల సంఖ్య పెంచుతున్నామనే ప్రచారం మాత్రం తగదు, బోనులో పుట్టిన కూనకు వేట నేర్పే తల్లి లేదు, మనిషంటే బెదురూ లేదు.

ఉత్తర తెలంగాణలో పులి కోసం భూమి కేటాయించదలచినవారికి బోను లేని మార్గం కూడా ఉంది. మహారాష్ట్రలోని తాడోబా పులుల అభయారణ్యం నుంచి ప్రాణహిత నది దాటి కాగజ్‌నగర్, కవ్వాల్ అడవుల వైపు పులులు వాటంతట అవే వస్తున్నాయి. వాటికి కావలసింది దారి, నీరు, మేత జంతువులు. సొంత భూమిని స్వచ్ఛందంగా కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటింపజేసుకునే వీలు చట్టంలోని 36సి సెక్షన్‌లో ఉంది. అయితే ఊరి సమ్మతి లేకుండా ఇదీ సాగదు: కుమ్రం భీం జిల్లాలో పులులు రాకపోకలు సాగించే దారిని (కారిడారును) కన్జర్వేషన్ రిజర్వుగా, అంటే రక్షిత ప్రాంతంగా ప్రకటిస్తూ 2025 మేలో ఇచ్చిన జీవో 49ను ఆదివాసీల ఆందోళనతో జులైలో నిలిపివేశారు. అంతకు ముందు 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవుల్లో రోజుల తేడాతో రెండు పులులు చనిపోగా, విషం కలిపిన పశువు కళేబరం సంగతి దర్యాప్తులో బయటపడింది. కాబట్టి గ్రామసభ తీర్మానం, పోయిన పశువుకు పరిహారం అందేలా దరఖాస్తులు నింపిపెట్టే ఒక మనిషి, అడవి పందుల కోసం చేలల్లో రాత్రిపూట పెట్టే కరెంటు తీగలను వారంవారం తిరిగి తీయించే ఏర్పాటు, ఈ మూడూ కుదిరిన తరువాతే జిల్లా అటవీ అధికారి దగ్గరకు కాగితాలతో వెళ్లడం మంచిది.