పిల్లలకు స్కేట్‌బోర్డు నేర్పాలంటే ఒక్కటే కొనండి

హనుమకొండలో నాది సైకిల్ రిపేరు షాపు. కరీంనగర్ నుంచి వచ్చిన కొత్తలో మా పాపకు ఈ వాడకట్టులో స్నేహితులెవరూ లేరు. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో 13 ఏళ్ల జపాన్ పిల్ల మోమిజి నిషియా స్కేట్‌బోర్డింగ్‌లో బంగారు పతకం గెలిచిన వీడియో ఫోన్‌లో చూసి స్కేట్‌బోర్డు కావాలంది.

కొనేటప్పుడు బోర్డు మీది బొమ్మలు కాదు, కింద చక్రాలు చూడండి. గట్టి ప్లాస్టిక్ చక్రాలకు చిన్న కంకర రాయి అడ్డొస్తే చాలు, బోర్డు అక్కడే ఆగిపోతుంది, పిల్ల మాత్రం ముందుకు పోతుంది. యూరిథేన్ చక్రాలే అడగండి. వాటి మీద 78ఏ, 99ఏ అని ఉంటుంది. అంకె తగ్గేకొద్దీ చక్రం మెత్తన. మన సీసీ రోడ్లకు మెత్తవే నయం. బేరింగులు 608 సైజు, చక్రానికి రెండు. పోతే ఏ బేరింగుల షాపులోనైనా దొరుకుతాయి. హెల్మెట్, మణికట్టు గార్డులు లేకుండా ఎక్కనివ్వొద్దు. స్కూలుకు వేసుకునే తెల్ల కాన్వాస్ బూట్లు చాలు, చెప్పులు మాత్రం వద్దు.

మా ఊళ్లో చెరువు గట్టు మీదున్న భద్రకాళి బండ్ చూస్తే మనసు లాగుతుంది గానీ సాయంత్రం అక్కడ వాకింగ్ జనమే ఎక్కువ. ఎండాకాలం సెలవుల్లో, బండ్లన్నీ ఆఫీసులకు పోయాక, అపార్ట్‌మెంట్ సెల్లార్‌ను మించిన చోటు లేదు. ముందు చీపురుతో ఊడవండి.

బోర్డు ఎక్కించకముందే, నేల మీద నిలబడ్డ పిల్లను వెనక నుంచి మెల్లగా తోయండి. తమాయించుకోవడానికి ఏ కాలు ముందుకేస్తే బోర్డు మీద ఆ కాలే ముందు. ఎడమైతే రెగ్యులర్, కుడైతే గూఫీ అంటారు. ముందు కాలు ముందు బోల్టుల దగ్గర, మోకాళ్లు వంచి ఉండాలి. భయంతో వెనక్కి వాలితే బోర్డు కాళ్ల కింద నుంచి ముందుకు ఉరుకుతుంది. తోసుకుంటూ పోవడం కంటే ముందు ఆగడం నేర్పండి: వెనక కాలు దించి, అరికాలు నేలకు మెల్లగా రాయాలి. పడేటప్పుడు అరచేతులు ఆనించకుండా పక్కకు దొర్లడం పరుపు మీద ఆడిస్తే చాలు, వచ్చేస్తుంది.

ఇక అసలు సంగతి. మా పాప సెల్లార్‌లో తిరుగుతుంటే మెట్ల మీద పిల్లలు చేరారు. "అక్కా, ఒక్కసారి ఇయ్యవా?" అన్నాడొకడు. అప్పుడే ఒక పద్ధతి పెట్టాను. ఈ పిల్లర్ నుంచి ఆ గోడ దాకా ఒక వంతు. తర్వాతి వంతువాడు ఎక్కినవాళ్ల రెండు చేతులూ పట్టుకుని పక్కనే నడవాలి. చేతులు పట్టుకున్నాక పేర్లు అడక్క తప్పుతుందా? అందుకే ఇంకో బోర్డు కొంటామని పక్కింటివాళ్లు అన్నప్పుడు, కొన్నాళ్లు ఆగండని నేనే చెప్పాను.

మగపిల్లలు వంతులన్నీ లాక్కోవడం మొదలైంది. మధ్యప్రదేశ్ పన్నా జిల్లాలోని జన్వార్ అనే ఊళ్లో స్కేట్‌పార్కు ఉంది, అక్కడ 'ముందు ఆడపిల్లలు' అనేదే నియమం. దాన్నే ఇక్కడా పెట్టాను. ఒకరిద్దరు అలిగారు, మర్నాడు మళ్లీ వచ్చారు.

ఆదివారాలు ఆ గుంపంతా బోర్డు పట్టుకుని షాపుకొస్తుంది. 13 నంబరు స్పానర్‌తో చక్రాలు విప్పి, బేరింగులు కిరోసిన్‌లో కడిగి, బాగా ఆరాక ఒక్కో చుక్క కుట్టుమిషన్ ఆయిల్ వేయిస్తాను. నట్టు మరీ బిగించొద్దు, చక్రం కొంచెం ఊగాలి. ఎవరు బిగించిన చక్రం ఎక్కువసేపు తిరుగుతుందో అని పందేలు కాస్తారు. ఆ గంటసేపు నా పంక్చర్ పనులు మూలకే.