పులికాట్ ఒడ్డున ఓ చిన్న స్టేషన్: ఇంట్లో మోడల్ రైలు లేఅవుట్ కట్టుకోవడం ఇలా

ముందు ఇంజిన్ కొనకండి. ఈ హాబీలోకి వచ్చేవాళ్ళలో చాలామంది మంచి ఇంజిన్ ఒకటి, నాలుగు పెట్టెలు, గుండ్రంగా అమరే పట్టాలు ఉన్న డబ్బా కొనేసి, వారం రోజులు హాల్లో నేల మీద తిప్పి, తర్వాత అటక ఎక్కించేస్తారు. ఆ బండి ఎక్కడి నుంచి వస్తోందో, ఎక్కడికి పోతోందో తెలియదు కాబట్టి చూసేవాళ్ళకి త్వరగా విసుగొస్తుంది. ఏ ఊరు, ఏ కాలం, రోజులో ఏ వేళ, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకున్నాకే పర్సు తీయండి.

నేనుండేది చెన్నై విల్లివాక్కంలో, అమ్మమ్మగారి ఊరు నాయుడుపేట దగ్గర. ప్రతి సెలవులకీ గూడూరు లైన్లో వెళ్ళేవాళ్ళం కాబట్టి తడ, సూళ్లూరుపేట, దొరవారిసత్రం పేర్లు నాకు ఎక్కాల్లాగా వరసగా వచ్చు. అందుకే నా కాగితం మీద రాసుకున్నది ఇది: పులికాట్ సరస్సు పక్కన చిన్న స్టేషన్, సంక్రాంతికి ముందు, పొద్దున్న ఆరున్నర, 2005 ప్రాంతం. ఆ ఒక్క వాక్యంతో సగం నిర్ణయాలు అయిపోయాయి. కొండలు అక్కర్లేదు, సొరంగం అక్కర్లేదు, తాడిచెట్లు, సరుగుడు తోపు కావాలి, పెట్టెలు ఐసీఎఫ్ (పెరంబూర్ కోచ్ ఫ్యాక్టరీ పాత రకం) నీలం రంగువి కావాలి (ఇంకో పదిహేనేళ్ళు వెనక్కి వెళ్తే ఇటుక రంగు, ఇప్పటి కాలం అయితే కొత్త రకం పొడుగు పెట్టెలు, ఎర్రటి ఎల్‌హెచ్‌బీ). నిజానికి సరస్సు ఏ స్టేషన్ ప్లాట్‌ఫారాన్నీ ఆనుకుని ఉండదు, నేను దాన్ని దగ్గరికి లాక్కొచ్చాను. అంత స్వేచ్ఛ తీసుకోవచ్చు. మీకు కొండలు ఇష్టమైతే అరకు లైన్ ఉంది, ఇనుప ఖనిజం బండ్లు, వరస సొరంగాలు. ఊటీ బండి చేయాలనుంటే అది మీటర్ గేజ్, అంటే పట్టాల మధ్య దూరం ఒక్క మీటరే అని గుర్తుంచుకోండి, పట్టాలు వేరే కొనాలి.

ఇక సైజు. ఎక్కువమంది వాడేది హెచ్‌ఓ, అంటే 1:87, నిజం బండిలో 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఇంకా చిన్నది కావాలంటే ఎన్, 1:160, పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లు. నా సలహా హెచ్‌ఓ, ఎందుకంటే మన చేత్తో చేసే సామాను ఆ సైజులో కంటికి ఆనుతుంది, మనిషి బొమ్మ దాదాపు 2 సెంటీమీటర్లు వస్తుంది. ఒక్క ఇబ్బంది, మన మామూలు లైన్ల (బ్రాడ్ గేజ్) పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు, దాన్ని 87తో భాగిస్తే 19 పైన రావాలి, కానీ బజారులో దొరికే పట్టాలు 16.5. అంటే మన బండి ఎదురుగా చూస్తే కొంచెం సన్నటి కాళ్ళ మీద నిలబడినట్టు కనిపిస్తుంది. పక్క నుంచి చూస్తే తేడా తెలియదు, కాబట్టి జనం పక్క నుంచే చూసేలా లేఅవుట్ కట్టండి.

పక్క నుంచి అంటే గోడకి ఆనించిన అల్మరా పలకలాంటిది. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. ఐసీఎఫ్ పెట్టె హెచ్‌ఓలో 24న్నర సెంటీమీటర్లు, ఎల్‌హెచ్‌బీ 27. పొడుగు పెట్టెలు మలుపు సాఫీగా తిరగాలంటే మలుపు వ్యాసార్థం పెట్టె పొడవుకి కనీసం మూడింతలు ఉండాలని ఒక లెక్క ఉంది, అంటే ఎల్‌హెచ్‌బీకి 81 సెంటీమీటర్లు. ఆ మలుపుతో పూర్తి చుట్టు వేయాలంటే ఐదున్నర అడుగుల వెడల్పు బల్ల కావాలి, మన అపార్ట్‌మెంట్ గదుల్లో మంచం తీసేస్తే తప్ప కుదరదు. డబ్బాలో వచ్చే 18 అంగుళాల వ్యాసార్థం మలుపు మీద ఈ పెట్టెలు పెడితే మూలలు బయటికి పొడుచుకొచ్చి కళ తప్పిపోతుంది. నేను కట్టింది ఆరడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, మూడేసి అడుగుల రెండు ముక్కలుగా, మధ్యలో బోల్టులు. ఒక పక్క మూడున్నర అడుగుల విడి పలక, బండి వెళ్ళి దాక్కునేందుకు. మెయిన్ లైన్, దాని పక్కనుంచి వెళ్ళి మళ్ళీ దాన్లోనే కలిసే ఒక లూప్ లైన్, గూడ్స్ షెడ్‌కి చిన్న సైడింగ్ (ఒక చివర ఆగిపోయే లైన్), మొత్తం మూడు పాయింట్లు (బండి ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కి మారే చోట్లు), అంతే. ఇంజిన్, మూడు పెట్టెలు కలిపి మీటరుకి లోపే, లూప్‌లో హాయిగా పడుతుంది. బండి దాపు పలక మీద నుంచి మెల్లగా వచ్చి ప్లాట్‌ఫారం మీద ఆగుతుంది, ఇంజిన్ విడిపోయి లూప్ గుండా చుట్టి వచ్చి అటు చివర తగులుకుంటుంది. ఆ పని చూస్తూ గంట గడిచిపోతుంది.

బల్ల విషయంలో చెన్నై వాళ్ళు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. నా మొదటి బల్లకి పైన మాత్రం పెయింట్ వేసి కింద పచ్చి ప్లైవుడ్ అలాగే వదిలేశాను. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫానప్పుడు కరెంట్ లేక ఇల్లంతా చెమ్మ పట్టింది, నీళ్ళు బల్లని తాకకపోయినా నాలుగు రోజుల్లో మధ్యలో ఉబ్బెత్తుగా లేచింది, పట్టాలు రెండు చోట్ల ఊడిపోయాయి. ఆరు నెలల పని పోయింది, చాలా బాధేసింది. కాబట్టి 12 మిల్లీమీటర్ల బీడబ్ల్యూఆర్ (నీటిని తట్టుకునే రకం) ప్లైవుడ్ తీసుకోండి, కింద 2 బై 1 అంగుళాల చెక్క ఫ్రేమ్ కొట్టించండి, పైన, కింద, కోసిన అంచుల్లో, స్క్రూ కోసం చేసిన కన్నాల్లో కూడా రెండు కోట్లు ఆయిల్ పెయింట్ వేయండి. అంచుల్లోంచే చెమ్మ ఎక్కువ పీలుస్తుంది.

పట్టాల కింద 3 మిల్లీమీటర్ల కార్క్ షీట్ అంటిస్తే చప్పుడు తగ్గుతుంది, లైన్ నేల కంటే కొంచెం ఎత్తుగా, నిజం లైన్‌లాగే కనిపిస్తుంది. పట్టాలు నికెల్ సిల్వర్‌వే కొనండి, ఇత్తడివి చవకే కానీ ఇక్కడి ఉప్పుగాలికి నల్లబడి కరెంట్ పాస్ కాదు. పట్టాలు కలిసే కీళ్ళన్నీ టంకం పెట్టేయకండి. నేరుగా ఉన్న చోట విజిటింగ్ కార్డు మందం సందు వదలండి, లేకపోతే మే నెలలో పట్టా వంకరపోతుంది. ఒక లైన్ మీద ఇంకో లైన్ దాటించాలన్న ఆశ ఉంటే ముందు లెక్క వేసుకోండి: నూటికి రెండు చొప్పున ఎక్కితే 3 అంగుళాల ఎత్తుకి 150 అంగుళాలు, అంటే 12న్నర అడుగుల ఏటవాలు కావాలి. చిన్న గదిలో వదిలేయడమే మంచిది.

వైరింగ్ అంటే టెన్షన్ పడేవాళ్ళున్నారు, అవసరం లేదు. ఒక బండే నడిపితే మామూలు 12 వోల్టుల డీసీ కంట్రోలర్ చాలు. రెండు బండ్లు ఒకే లైన్ మీద విడివిడిగా నడపాలంటే డీసీసీ, అంటే డిజిటల్ కంట్రోల్, అందులో ప్రతి ఇంజిన్‌లో చిన్న డీకోడర్ ఉంటుంది, దాని నంబరు పిలిస్తే అది మాత్రమే కదులుతుంది. ఏదైనా సరే బల్ల కింద పొడవునా ఎరుపు, నలుపు లావు వైర్లు రెండు లాగి, ప్రతి మూడడుగులకీ సన్న వైర్లతో పట్టాలకి కలపండి. కీళ్ళ మీద ఆధారపడితే ఆర్నెల్లకి బండి అక్కడక్కడా ఆగిపోతుంది. వైర్లు, సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, ఎల్‌ఈడీలు అన్నీ చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో ఒక్క మధ్యాహ్నంలో దొరుకుతాయి. డీసీసీ పెట్టినవాళ్ళు ఒక పరీక్ష చేయండి: లైన్‌లో అన్ని మూలల్లో పట్టాల మీద అడ్డంగా రూపాయి బిళ్ళ పెట్టి చూడండి, సిస్టమ్ వెంటనే కరెంట్ ఆపేయాలి. ఆపకపోతే ఆ చోట వైరు చాలడం లేదని అర్థం, అలాగే వదిలేస్తే ఏదో ఒక రోజు పెట్టె చక్రాలు కరిగిపోతాయి. లైట్లకి వేరే అడాప్టర్ పెట్టుకోండి.

ఇప్పుడు నాకు ప్రాణమైన భాగం, నేల. మట్టి కొనక్కర్లేదు. మీరు చేస్తున్న ఊరి మట్టే రెండు గుప్పెళ్ళు తెచ్చి, ఎండలో ఆరబెట్టి, టీ జల్లెడలో జల్లించండి. తర్వాత అయస్కాంతాన్ని పల్చటి కవర్‌లో చుట్టి ఆ మట్టిలో నాలుగైదు సార్లు తిప్పండి. మన తీరం ఇసుకలో నల్లటి ఇనుప రేణువులు చాలా ఉంటాయి, కవర్‌కి మీసాల్లా అతుక్కుని వస్తాయి. వాటిని తీయకపోతే ఇంజిన్ మోటారు లాక్కుంటుంది, మోటారు పాడవుతుంది. నా దగ్గర చారెడు మట్టిలోంచి అర చెంచా వచ్చింది. జల్లించిన మట్టి చల్లి, నీళ్ళల్లో రెండు చుక్కలు గిన్నెల సబ్బు కలిపి స్ప్రే చేసి, పూర్తిగా తడిశాక సగం నీళ్ళు సగం ఫెవికాల్ కలిపి డ్రాపర్‌తో చుక్కలు చుక్కలుగా వదలండి. ముందు తడపకపోతే ఫెవికాల్ చుక్క పైనే గుండ్రంగా నిలిచి మట్టిని తోసేస్తుంది. కంకర కూడా ఇలాగే, పాయింట్ల కదిలే భాగం దగ్గర మాత్రం చాలా కొంచెం.

సరస్సుకి నీలం రంగు వేయకండి. పులికాట్ లోతు తక్కువ నీరు, పొద్దున పూట బూడిద రంగులో, ఒడ్డున బురద రంగులో ఉంటుంది. అడుగుకి ఆ రంగులు వేసి, ఆరాక మెరిసే (గ్లాసీ) వార్నిష్ నాలుగు పల్చటి కోట్లు, ఒక్కోదానికి ఒక రోజు ఎడం. ఒడ్డు బురదకి వాల్ పుట్టీ పల్చగా కలిపి మందంగా పోస్తే ఆరేటప్పుడు దానంతట అదే పగుళ్ళిచ్చింది, దాని మీద తెల్ల చాక్‌పీస్ పొడి అద్దితే ఉప్పు పేరుకున్నట్టే వచ్చింది.

చలికాలం కాబట్టి ఫ్లెమింగోలు ఉండాలి. హెచ్‌ఓలో వాటి ఎత్తు 15 మిల్లీమీటర్లు. కరెంట్ వైరులోంచి ఒక్క పోగు తీసి ఎస్ ఆకారంలో మెడ, కిందికి కాలు వంచండి, మధ్యలో ఎమ్‌సీల్ బియ్యపు గింజంత ముద్ద పెట్టి సూదితో నొక్కి కోలగా చేయండి. తెలుపు వేసి, రెక్క అంచున మాత్రమే గులాబీ, ముక్కు కొసకి నలుపు చుక్క. ఒళ్ళంతా గులాబీ వేస్తే బొమ్మలా ఉంటుంది. సగం పక్షుల తలలు నీళ్ళల్లో పెట్టండి, మేసేటప్పుడు అవి తల తిరగేసి నీళ్ళల్లో ముంచుతాయి. నేను ముప్పై రెండు చేశాను, నాలుగు ఆదివారాలు పట్టింది.

తాడిచెట్టుకి వెదురు పుల్ల మీద ఫెవికాల్ రాసి కొబ్బరి పీచు గట్టిగా చుట్టండి. ఆకులకి పల్చటి కాగితంలో రూపాయంత గుండ్రాలు కత్తిరించి, విసనకర్రలా మడత పెట్టి, అంచు చీల్చండి. కింద రెండు మూడు ఎండాకులు వేలాడాలి. నిజం లెక్కన పెద్ద తాడి 20 సెంటీమీటర్లు దాటుతుంది, 15 దగ్గర ఆపితే స్టేషన్ చిన్నబోదు.

పెట్టెల సంగతి. భారతీయ మోడల్స్ చిన్న బ్యాచుల్లోనే వస్తాయి, ఖరీదు కూడా, అందుకే చాలామంది త్రీడీ ప్రింట్ చేసిన పై తొడుగు తీసుకుని విదేశీ మోడల్ చక్రాల మీద కూర్చోబెడతారు. ప్రింట్ చేసిన పెట్టె దూదిలా తేలిక, పాయింట్ దగ్గర పట్టా తప్పుతుంది. ఐసీఎఫ్ పొడవుకి 165 గ్రాములు ఉండాలి, తక్కువైతే నట్లు, వాషర్లు లోపల నేలకి దగ్గరగా అంటించండి. రంగు స్ప్రే నవంబర్ వానల్లో చేయకండి, గాలిలో చెమ్మకి తెల్లగా పొగ కమ్మినట్టు అవుతుంది. కొలతలకి, రంగులకి పెరంబూర్‌లో ఐసీఎఫ్ పక్కనున్న రైల్ మ్యూజియంకి వెళ్ళి కిటికీ ఊచలు, మెట్లు, చక్రాల దగ్గర తుప్పు అన్నీ దగ్గరగా ఫొటోలు తీసుకోండి. ఆ తుప్పు రంగుకి ఇటుక పొడి మెత్తగా నూరి పొడి బ్రష్‌తో అద్దితే చాలు.

స్టేషన్ బోర్డు ఆఖరున. పసుపు మీద నల్ల అక్షరాలు, ఆంధ్రలో అయితే తెలుగు, హిందీ, ఇంగ్లీషు, తమిళనాడు వైపు అయితే తెలుగు చోట తమిళం. నా స్టేషన్ పేరు సరుగుడుపాలెం, నేను పెట్టుకున్నదే. పైన కరెంట్ తీగ కడితే పట్టా నుంచి 63 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి, నిజంలో అది సుమారు ఐదున్నర మీటర్లు. లైటు పసుపు ఛాయ ఉన్న ఎల్‌ఈడీ స్ట్రిప్, ఒక పక్క నుంచే, పొద్దున ఆరున్నర ఎండ వాలుగా పడాలి కాబట్టి.

నడపనప్పుడు పాత నూలు చీర కప్పండి, ప్లాస్టిక్ కప్పితే లోపల చెమ్మ నిలుస్తుంది. నడిపే ముందు మెత్తటి గుడ్డకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపి పట్టాలు ఒకసారి తుడవండి. గరుకు కాగితం మాత్రం వాడొద్దు, గీతలు పడితే వాటిలో మురికి ఇంకా త్వరగా చేరుతుంది.