రీలోడింగ్ పాఠాలు – 3: భుజం రెండు థౌ మాత్రమే

రీలోడింగ్ అంటే పేల్చిన తూటా ఇత్తడి గొట్టాన్ని (కేస్) మళ్లీ వాడుకోవడం. పోయిన పాఠంలో పేల్చిన కేసులు తుడిచి, అడుగున ఉండే పాత ప్రైమర్లు (మందుని అంటించే చిన్న మూతలు) తీసేశాం. ఈసారి కేస్ భుజాన్ని, అంటే మెడ దగ్గర సన్నబడే వాలుని, రెండు థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) వెనక్కి నెడదాం. ప్రైమర్ తీయకుండా కొలిస్తే, ప్రైమర్ ఏ కాస్త బయటికి పొడుచుకొచ్చినా కేలిపర్ ఆ బుడిపెను కూడా కలిపి చూపిస్తుంది. అందుకే అంత పట్టుబట్టాను.

మన ఉదాహరణ అదే, .308 వించెస్టర్ తూటా, బోల్ట్ రైఫిల్ (ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగేది). పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి చాంబర్ (రైఫిల్లో తూటా కూర్చునే గది) గోడలకు అతుక్కుని, ఒత్తిడి తగ్గగానే ఓ పిసరు ముడుచుకుంటుంది. అంటే రెండు మూడు సార్లు పేల్చిన కేస్ దాదాపు మీ చాంబర్‌కి తీసిన అచ్చు. అలాంటి అచ్చు చేతిలో పెట్టుకుని, డబ్బాలో కాగితం చెప్పిందని డైని (కేస్‌ని నొక్కి కొలతకి తెచ్చే ఉక్కు గొట్టం) షెల్ హోల్డర్‌కి (ప్రెస్‌లో కేస్ అడుగుని పట్టుకునే ముక్క) తగిలేదాకా దించి ఆపైన ఇంకో పావు చుట్టు బిగించేవాళ్లని చూస్తే నాకు చిరాకు (మొదటి ఏడాది నేనూ అదే చేశాను లెండి). అలా చేస్తే కేస్ ఏ రైఫిల్లోనైనా పడుతుంది, నిజమే, కానీ మీ రైఫిల్లో భుజం అవసరానికి మించి వెనక్కి పోతుంది, పేల్చిన ప్రతిసారీ కేస్ అడుగుకి కాస్త పైన సాగి పలచబడుతుంది, చివరికి అక్కడే రెండు ముక్కలవుతుంది.

కేలిపర్‌కి కంపారేటర్ (అడుగు నుంచి భుజం దాకా కొలవడానికి తగిలించే ముక్క) తగిలించి ఐదు కేసుల భుజాలు కొలవండి. 1.632 అంగుళాలు వచ్చిందనుకుందాం. మనకి కావాల్సింది 1.630. బోల్ట్ రైఫిల్‌కి భుజం ఒకటి, రెండు థౌ వెనక్కి పోతే చాలు, సెమీ ఆటోకి మూడు, నాలుగు.

ఇప్పుడు డైని షెల్ హోల్డర్‌కి ఒక చుట్టు పైన ఉంచి, కేస్‌కి వేళ్లతో పలచగా లూబ్ (జారుడు పూత) రాసి, ప్రెస్ హ్యాండిల్ దించి, మళ్లీ కొలవండి. కొంచెం కొంచెంగా దించుతూ పోతే ఒక దశలో 1.634 చూపిస్తుంది! తగ్గాల్సింది పెరిగిందేమిటని టెన్షన్ పడకండి. డై పక్కల్ని నొక్కేసరికి ఇత్తడి ముందుకు జరిగింది, భుజానికి డై ఇంకా తగల్లేదు, అంతే. తగిలాక అంకె దిగుతుంది.

అక్కణ్ణుంచి చెయ్యి తేలిగ్గా ఆడాలి. డై మరలు అంగుళానికి 14, అంటే ఒక చుట్టు సుమారు 71 థౌ. రెండు థౌ కావాలంటే పది డిగ్రీలు, గడియారంలో పెద్దముల్లు రెండు నిమిషాల్లో జరిగేంత కూడా కాదు. డై మీద, ప్రెస్ మీద కలిపి మార్కర్‌తో ఒక గీత గీసుకోండి, ఎంత తిప్పారో కంటికి తెలుస్తుంది.

లూబ్ ఎక్కువైతే భుజం మీద సొట్టలు పడతాయి, కేస్ పాడవదు కానీ చూడ్డానికి బాగోదు. తక్కువైతే కేస్ డైలో ఇరుక్కుంటుంది. డాలస్ పక్కన మా గ్యారేజీలో ఒక ఆదివారం నాకు జరిగిందదే: హ్యాండిల్ గట్టిగా లాగితే షెల్ హోల్డర్ కేస్ రిమ్ముని (అడుగు అంచుని) పీక్కుని వచ్చేసింది, కేస్ లోపలే ఉండిపోయింది. డ్రిల్ చేసి, మరలు కోసి, బోల్టు వేసి లాగేసరికి సాయంత్రమైంది.

సైజ్ చేశాక లూబ్ తుడిచి మొత్తం పొడవు కూడా చూడండి. 2.015 అంగుళాలు దాటితే 2.005కి కోయాలి. తర్వాత బోల్ట్‌లోంచి ఫైరింగ్ పిన్, ఎజెక్టర్ తీసేసి ఆ ఖాళీ కేస్‌ని చాంబర్‌లో పెట్టండి. బోల్ట్ హ్యాండిల్ తన బరువుకే కిందికి వాలితే డై సరిగ్గా కుదిరినట్టే, అది కదలకుండా లాక్ రింగ్ బిగించేయండి. నెక్ (కేస్ మెడ) సంగతి నాలుగో పాఠంలో.