టెనర్ శాక్స్ (టెనర్ శాక్సోఫోన్) కొనేముందు ఇలా పోల్చి చూడండి

షాపుకి వెళ్లేటప్పుడు మీ మౌత్‌పీస్ (నోట్లో పెట్టుకుని ఊదే ముక్క), అలవాటైన రీడ్ (దానికి బిగించే పల్చటి పుల్ల) తప్పకుండా తీసుకెళ్లండి. ఒక్కో శాక్స్‌కి ఒక్కో మౌత్‌పీస్ పెట్టి వాయిస్తే మీరు పోల్చేది మౌత్‌పీసులనే, శాక్స్‌లని కాదు.

యమహా 82జెడ్, యానగిసావా డబ్ల్యూఓ10, సెల్మర్ మోడల్ ఒకటి పక్కపక్కన పెట్టుకుని, ముందు పాటలేవీ వద్దు, పొడుగు స్వరాలు మాత్రమే పట్టండి. అన్నిటికన్నా కింది స్వరం బి ఫ్లాట్‌ని వీలైనంత మెల్లగా ఊదండి, అది వణకకుండా వెంటనే పలికితే సగం పరీక్ష అయిపోయినట్టే. పలకకపోతే మోడల్‌ని తప్పుపట్టకండి, చాలాసార్లు ప్యాడ్ (రంధ్రాన్ని మూసే మెత్త) ఎక్కడో లీకవుతుంటుంది, రిపేర్ తెలిసినవాళ్లు లోపలికి లైటు దించితే ఇట్టే తెలుస్తుంది.

తర్వాత ఆక్టేవ్ కీ (స్వరాన్ని పై స్థాయికి మార్చే మీట) నొక్కి ఉంచి జి (G) నుంచి ఎ (A)కి వెళ్లండి. అక్కడ గాలి రంధ్రం బాడీ మీద నుంచి మెడ (మౌత్‌పీస్ తగిలించే వంపు గొట్టం) మీదికి మారుతుంది కాబట్టి, నాసిరకం మెకానిజం అక్కడే దొరికిపోతుంది. మధ్య డి (D) స్వరం చాలా టెనర్లలో కాస్త మూసుకున్నట్టు, శ్రుతి ఎక్కువగా వస్తుంది. శ్రుతి చూపించే ట్యూనర్ చూడకుండా వాయించి, ఆ తర్వాతే చూడండి.

ఎడమ చిటికెన వేలి కీలు మీ చేతికి అందుతున్నాయా? నా దృష్టిలో టోన్ కన్నా ఇదే ముందు, ఎందుకంటే వేలు నొప్పెడితే రోజూ సాధన చేయలేరు.

1954లో మొదలైన సెల్మర్ మార్క్ సిక్స్ పాతది దొరికితే పేరు చూసి మురిసిపోకుండా మెడ వంగిందేమో చూడండి.

చివరగా స్నేహితుడిని వాయించమని చెప్పి, పది అడుగుల దూరంలో నిలబడి వినండి.