అమ్మకు బ్యాంకు పని నేర్పించిన వరుస

నాన్న ఉన్నంతకాలం అమ్మ బ్యాంకు గడప తొక్కలేదు. ఆయన పోయాక పెన్షన్ అమ్మ పేరు మీదకు మారింది. అప్పుడు తనకు అరవై నాలుగేళ్లు. ఒంగోలులో అమ్మ పక్కన కూర్చుని ఏ వరుసలో నేర్పించానో అదే వరుసలో రాస్తున్నాను.

ముందు పాస్‌బుక్ తెరిచాం. మొదటి పేజీలో ఖాతా నంబరు, బ్యాంకు శాఖను గుర్తించే ఐఎఫ్ఎస్‌సీ కోడ్ ఉంటాయి. ఆ కోడ్‌లో 11 అక్షరాలు. అయిదోది ఎప్పుడూ సున్నాయే. అమ్మ దాన్ని ఇంగ్లిష్ ‘ఓ’ అనుకుని రాసుకుంది. చాలామంది అక్కడే తప్పు చేస్తారు.

తర్వాత నామినీ, అంటే మన తర్వాత డబ్బు ఎవరి చేతికి ఇవ్వాలో బ్యాంకులో రాసిచ్చే పేరు. నాన్న ఖాతాకు నామినీ లేక, వారసులమని కాగితాలు తెచ్చి చూపించడానికి నాలుగు నెలలు తిరిగాం. ఇంటి ఖర్చుకు డబ్బు ఉండి కూడా చేతికి రాలేదు. అందుకే దయచేసి ఈ ఒక్క పని రేపటికి వాయిదా వేయకండి. ఫిక్స్‌డ్ డిపాజిట్లకు కూడా నామినీ పేరు ఉందో లేదో విడిగా చూసుకోండి.

ఫోన్‌కు మాత్రం పెన్షన్ ఖాతా కలపలేదు. ఇంకో చిన్న ఖాతా తెరిచి, నెలకు అయిదు వేలు అందులో వేసి, యూపీఐకి దాన్నే కలిపాం. ఏదైనా జరిగినా పోయేది ఆ అయిదు వేలలోపే.

మొదటి రోజు నాకు పది రూపాయలు పంపించింది. రెండో రోజు రైతు బజారుకు వెళ్లాం. స్కాన్ చేయగానే తెర మీద ఒక పేరు వస్తుంది. "ఈ పేరు మీదేనా బాబూ?" అని అమ్మ అడిగింది. "మా అబ్బాయిదమ్మా" అన్నాడు కూరగాయలాయన. అలా అడగడానికి మొహమాటపడకూడదు. పేరు చూడాలి, అంకె చూడాలి, ఆ తర్వాతే పిన్.

పిన్ డబ్బు పంపడానికి, బ్యాలెన్స్ చూసుకోవడానికే. మనకు డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పాత మంచం అమ్మకానికి పెట్టినప్పుడు ఎవరో ఫోన్ చేసి, "క్యూఆర్ పంపాను, స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు పడుతుంది" అన్నాడు. అమ్మ ఫోన్ పెట్టేసి నాకు చేసింది. ఆ రోజు నాకు కళ్లనీళ్లు వచ్చాయి.

‘పెండింగ్’ అని వస్తే టెన్షన్‌పడి మళ్లీ కొట్టొద్దు. డబ్బు కట్ అయి అవతల చేరకపోతే, మనిషికి పంపింది మామూలుగా మర్నాటికల్లా, దుకాణానికి కట్టింది అయిదు రోజుల్లోపు వెనక్కి రావాలి. రాకపోతే యూటీఆర్ నంబరుతో (ఆ చెల్లింపుకు ఉండే గుర్తింపు నంబరు) బ్యాంకులో ఫిర్యాదు ఇవ్వండి.

చెక్కు మీద ఎడమ మూల రెండు ఏటవాలు గీతలు గీసి, అంకె తర్వాత ‘మాత్రమే’ అని రాస్తే చాలు. మూడు నెలలు చెల్లుతుంది.

మోసం జరిగిందనిపిస్తే క్షణం ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, వెంటనే బ్యాంకుకు చెప్పాలి. ఆ నంబరు పెద్ద అంకెలతో రాసి అమ్మ ఫోన్ కవర్ వెనక అతికించాను.